చెల్లె నిశ్చితార్థానికి ఇకత్ గౌను: ఆరు వారాల డైరీ

జూలై 7, ఆదివారం

చెల్లె నిశ్చితార్థం ఆగస్టు 18కి ఖాయమైంది. ముహూర్తం ఆషాఢం దాటి శ్రావణంలో పడింది కాబట్టి చేతిలో సరిగ్గా ఆరు వారాలున్నాయి. పీటల మీద కూర్చున్నప్పుడు పట్టుచీరే కడుతుంది. ఉంగరాలు మార్చుకునే వేళకు మాత్రం పాదాల దాకా ఉండే గౌను వేసుకుంటానంది. "నువ్వు కుడితేనే వేసుకుంటా అక్కా" అని కూడా అంది. ఇక కాదనే ప్రశ్నే లేదు.

పన్నెండేళ్లుగా ఇంట్లో అందరి జాకెట్లూ నేనే కుడుతున్నా. ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని, చాతీ కొలతలో నాలుగో వంతు తీసుకుని, దానికి లూజు కలిపి, చంక లోతు చూసుకుని సుద్దముక్కతో గుడ్డ మీదే గీసుకోవడం నా పద్ధతి. గౌనుకి మా ఇంట్లో ఆది లేదు. అందుకే మొదటిసారి రెడీమేడ్ ప్యాటర్న్ కొన్నా. కంపెనీ వాళ్లు ముక్కలన్నీ రకరకాల సైజుల్లో కాగితం మీద గీసి అమ్ముతారు, మన సైజు గీత వెంట కత్తిరించుకోవాలి. ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో ఎబెనీజర్ బటరిక్ అనే దర్జీ 1863లోనే సైజుల వారీగా కాగితపు ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఇప్పుడు పీడీఎఫ్‌లో వస్తున్నాయి, అంతే తేడా.

నేను ఎంచుకున్నది చాలా సాదా డిజైన్. పైభాగానికి ముందు రెండు టక్కులు, నడుము దగ్గర జాయింటు, కింద ఎ-లైన్ స్కర్టు (నడుము నుంచి కిందికి మెల్లగా వెడల్పయ్యేది), ముప్పావు చేతులు, వెనక జిప్పు. టక్కుల బదులు పొడుగు నిలువు కుట్లుండే ప్రిన్సెస్ కట్‌వీ చూశా, బాగున్నాయి. కానీ ఇకత్ గుడ్డతో కుట్టాలని ముందే అనుకున్నా. కుట్లు ఎక్కువైన కొద్దీ డిజైన్ ముక్కలైపోతుంది. ఇకత్‌కి తక్కువ కుట్లున్న ప్యాటర్నే తీసుకోవాలి.

ప్రింటు కోసం హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక జిరాక్స్ షాపుకి వెళ్లా. ఎ4 కాగితాలు 38. ఇంటికొచ్చి మొదటి పేజీలో ఉన్న కొలత గడిని స్కేలుతో కొలిస్తే 10 సెంటీమీటర్లు ఉండాల్సింది 9.6 ఉంది. ప్రింటరు కాగితానికి సరిపోయేలా కుదించేసింది. చూడటానికి అది చిన్న తేడానే. 36 అంగుళాల చాతీ మీద లెక్కేస్తే మాత్రం దాదాపు అంగుళంన్నర. మళ్లీ వెళ్లి 100 శాతం స్కేలు పెట్టించి తీసుకున్నా. ఆ గడి కొలవకుండా ఒక్క కాగితం కూడా అతికించొద్దు.

జూలై 9, మంగళవారం

రాత్రి కూర్చుని 38 కాగితాలూ అతికించా. తర్వాత కొలతలు.

ప్యాటర్న్ సైజుకీ షాపులో డ్రెస్ సైజుకీ సంబంధం లేదు, ఒంటి కొలతే చూడాలి. చెల్లె చాతీ 36, చంకల కింద నుంచి పైచాతీ 33, నడుము 30. ప్యాటర్న్‌లో మీడియం చాతీ 35, నడుము 28. లార్జ్ చాతీ 37, నడుము 30.

ఇక్కడ చాలాసేపు ఆగాల్సి వచ్చింది. మామూలుగా అయితే లార్జ్ కత్తిరించేదాన్ని. కానీ ఈ కంపెనీ పైచాతీకీ చాతీకీ రెండంగుళాల తేడా ఉన్న ఒంటిని లెక్కలో పెట్టుకుని గీసింది. చెల్లెకు ఆ తేడా మూడంగుళాలు. లార్జ్ తీసుకుంటే చాతీ సరిపోతుంది గానీ భుజాలూ మెడా జారిపోతాయి. భుజాలు సరిగ్గా కూర్చోవాలంటే పైచాతీ 33కి రెండు కలిపి 35, అంటే మీడియం. తక్కువపడ్డ ఒక్క అంగుళం ముందు భాగంలో కలుపుకోవాలి. నడుము దగ్గర మాత్రం మీడియం గీత నుంచి లార్జ్ గీతకు మెల్లగా వంపు తిప్పా.

ఇంకోటి. ఈ ప్యాటర్న్ ఐదడుగుల ఆరంగుళాల మనిషికి గీసింది. చెల్లె ఐదు రెండు. కాగితం మీద పొడవు తగ్గించే గీతలు వాళ్లే ఇచ్చారు. పైభాగంలో ముప్పావు అంగుళం, స్కర్టులో మూడంగుళాలు ఆ గీతల దగ్గరే మడిచి తగ్గించా. కింది అంచు దగ్గర కోసేస్తే నడుము జాగా మారిపోతుంది, స్కర్టు ఆకారమూ చెడుతుంది. రెండంగుళాల హీల్ వేసుకుంటుందని అడిగి తెలుసుకున్నాకే స్కర్టు లెక్క తేల్చా.

జూలై 13, శనివారం

బాపుతో కలిసి వరంగల్ వెళ్లా. బట్టల బజార్ నిండా ఆషాఢం ఆఫర్ల బ్యానర్లే. చేనేత షాపులో పోచంపల్లి సీకో దొరికింది. సీకో అంటే పట్టు, నూలు కలిపి నేసింది. నెమలికంఠం రంగు మీద గోధుమరంగు డైమండ్లు. మీటరు 520 రూపాయలు, పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 44 అంగుళాలు.

ప్యాటర్న్‌లో 140 సెంటీమీటర్ల పన్నాకి 3.2 మీటర్లు చాలని రాసుంది. మన చేనేత గుడ్డలకు ఆ లెక్క పనికిరాదు. 44 పన్నాలో స్కర్టు ముందు ముక్క ఒక్కటే పన్నా మొత్తం తినేస్తుంది. పైగా డైమండ్లు కలవాలి. ఒక డైమండ్ నుంచి ఇంకో డైమండ్‌కి ఆరంగుళాలు. ప్రతి ముక్కనూ అందుకోసం అటో ఇటో జరపాలంటే అదనంగా గుడ్డ కావాలి. కాగితం మీద ముక్కలు పేర్చి లెక్కేసుకుని వెళ్లా కాబట్టి నాలుగున్నర మీటర్లు ధైర్యంగా అడిగా.

బాపు కొత్తవాడలో ముప్పై ఏళ్లు గుంతమగ్గం మీద జంపఖానాలు నేశారు. ప్యాటర్న్ ముక్కల మీద ప్రతిదానికీ ఒక పొడుగు బాణం గుర్తుంటుంది, గ్రెయిన్ లైన్ అంటారు. దాన్ని ఎటు పెట్టాలో నాకు తెలుసు, ఎందుకో ఎప్పుడూ ఆలోచించలేదు. బాపుకి చూపిస్తే ఒక్క చూపులో "ఇది పడుగు" అన్నారు. పడుగంటే గుడ్డ పొడవునా ఉండే దారం. గుడ్డ అంచు పట్టుకుని పొడవునా లాగారు, సాగలేదు. అడ్డంగా లాగారు, కాస్త ఇచ్చింది. మూలగా లాగితే బాగా సాగింది. "పడుగు మగ్గం మీద బిగపట్టి ఉంటది బిడ్డా, అందుకే అది వేలాడినా సాగదు. నిలువు పడుగు మీదనే ఉండాలె" అన్నారు. నాలుగు భాషల్లో ఉన్న ఆ సూచనల పుస్తకంలో ఇంత స్పష్టంగా లేదు.

షాపులో గుడ్డ వెనక్కి తిప్పి చూపించిందీ ఆయనే. ఇకత్‌లో రంగు నేశాక అద్దింది కాదు. నేయకముందే దారాన్ని అక్కడక్కడా గట్టిగా కట్టి రంగులో ముంచుతారు, దాన్నే చిటికి కట్టడం అంటారు, అందుకే రెండు వైపులా ఒకేలా ఉంటుంది. చిటికి కట్టకముందు ఆసు పోయాలి. కొయ్యల చుట్టూ దారం చేత్తో వేలసార్లు అటూ ఇటూ తిప్పే పని అది. తల్లి భుజాలు ఆ పనితో పడే నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశారు, దానికి ఆమె పేరే లక్ష్మి అని పెట్టుకున్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఇదంతా వింటూ గుడ్డను సంచిలో పెట్టుకుంటుంటే కత్తెర పెట్టడానికి తొందరపడొద్దు అనిపించింది.

ఇంట్లో మూల నుంచి 20 సెంటీమీటర్ల చదరపు ముక్క కోసి నీళ్లలో నానబెట్టి ఆరేశా. పడుగు వైపు 19.2కి తగ్గింది. పేక, అంటే అడ్డదారం, వైపు 19.7. రంగు కొంచెం వదిలింది. అంటే మొత్తం గుడ్డ నానబెట్టి ఆరేయాల్సిందే. కుట్టాక ఇలా తగ్గితే 40 అంగుళాల స్కర్టు అంగుళంన్నర పైకి లేచేది. చల్లటి నీళ్లలో ఉప్పు వేసి నానబెట్టి, నీడలో ఆరేసి, కొంచెం తడి ఉండగానే ఇస్త్రీ చేశా.

జూలై 21, ఆదివారం

భద్రకాళి గుడిలో శాకంబరి ఉత్సవాల చివరి రోజు. అమ్మా చెల్లే పొద్దున్నే దర్శనానికి వెళ్లారు. ఇల్లు ఖాళీగా దొరికింది, ట్రయల్ ముక్కలు కత్తిరించా. పాత కాటన్ బెడ్‌షీటుతో పైభాగం, ఒక చెయ్యి, మోకాళ్ల దాకా స్కర్టు. లైనింగ్ లేదు, ఓవర్‌లాక్ లేదు. పెద్ద కుట్టు పెట్టి గబగబా కుట్టేశా, తర్వాత విప్పుకోవాలి కదా.

సాయంత్రం వేసి చూస్తే నిలబడ్డప్పుడు బాగుంది. అద్దం ముందు చెల్లె ముఖం వెలిగిపోయింది. నేనూ దాదాపు సరే అనుకున్నా. అప్పుడు అమ్మ అంది, "ఒక్కసారి నా కాళ్లకు మొక్కు."

చెల్లె వంగింది. మెడ ముందుకు తేలి లోపలంతా కనిపించింది.

నిశ్చితార్థంలో ఆమె ఎన్నిసార్లు వంగుతుందో లెక్కేస్తే గుండె ఆగినంత పనైంది. అత్తామామలు, వాళ్ల పెద్దనాన్నలు, మా మేనత్తలు, తాతయ్య. పక్కన ఫోటోగ్రాఫరు. ప్యాటర్న్ గీసినవాళ్లు నిలబడే మనిషినీ కుర్చీలో కూర్చునే మనిషినీ లెక్కలో పెట్టుకున్నారు. వంగి కాళ్లకు మొక్కే మనిషి వాళ్ల లెక్కలో లేదు.

అక్కడి నుంచి ఒక్కో పరీక్షా పెట్టా. దండ వేయడానికి రెండు చేతులూ పైకెత్తమన్నా. "అక్కా, చేతులు లేస్తలేవు" అంది. పైభాగం మొత్తం పైకి లాగేస్తోంది. ముందు చాతీ దగ్గర నుంచి చంక వైపు ఏటవాలుగా ముడతలు పడుతున్నాయి. అవి ఎటు చూపిస్తే అక్కడ గుడ్డ చాలడం లేదని అర్థం. వెనక నడుము పైన మాత్రం అడ్డంగా ఒక మడత, అక్కడ గుడ్డ ఎక్కువైంది.

గుండుసూదులు పెట్టి, ప్రతి మడతా చిటికెతో పట్టుకుని బెడ్‌షీటు మీద పెన్నుతో గీశా. మెడ దగ్గర ఒక్కో వైపు పావు అంగుళం పైనే పట్టుకోవాల్సి వచ్చింది. వెనక నడుము దగ్గర అర అంగుళం.

జూలై 24, బుధవారం

స్కూలు నుంచి వచ్చాక మూడు గంటలు కాగితం పనే.

ముందు ముక్క కాగితాన్ని నడుము నుంచి చాతీ మొన దాకా, అక్కడి నుంచి చంక దాకా కోశా, పూర్తిగా తెగకుండా చివర నూలంత వదిలి. చాతీ మొన దగ్గర అర అంగుళం తెరిచి వెనక వేరే కాగితం అతికించా. రెండు వైపులా కలిపి నాకు కావాల్సిన అంగుళం వచ్చింది, భుజాలూ మెడా చెక్కుచెదరలేదు. నడుము టక్కు కొంచెం వెడల్పైంది. తర్వాత మెడ దగ్గర పట్టుకున్న మడతను అక్కడి నుంచి చాతీ మొన దాకా సన్నగా మూసేసి, ఆ గుడ్డను కూడా నడుము టక్కులోకే పంపా. మెడ లోతు అర అంగుళం పైకి తెచ్చా.

చేతులు లేవకపోవడానికి కారణం చంక మరీ కిందికి ఉండటం. కిందికి దిగిన చంక ఎక్కువ ఆడుతుందని అనిపిస్తుంది గానీ నిజం దానికి ఎదురు. చంక ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి లేస్తుంది. ముప్పావు అంగుళం పైకి జరిపి, చెయ్యి ముక్కను కూడా అందుకు తగ్గట్టు మార్చా.

రెండో ట్రయల్ మిగిలిన బెడ్‌షీటుతో. పైభాగం వరకే. చెల్లె వంగింది, మెడ ఒంటికి అంటుకునే ఉంది. చేతులెత్తింది, నడుము జాయింటు ఒక్క వేలెడు లేచి మళ్లీ కూర్చుంది. అమ్మ రెండుసార్లు మొక్కించుకుంది.

జూలై 28, ఆదివారం

అసలు గుడ్డకు కత్తెర.

ముందు అమ్మతో చిన్న పంచాయితీ. ప్యాటర్న్‌లో అన్ని వైపులా కుట్టు కోసం 1.5 సెంటీమీటర్లే వదిలారు. "లోపల గుడ్డ వదలకుండ ఎట్ల కుడ్తవే? రేపు పెండ్లయినంక కొంచెం ఒళ్లొస్తే?" అంది. అమ్మ మాటే సరైంది. మన జాకెట్లకు పక్క కుట్టులో రెండు మూడు వరసలకు గుడ్డ వదిలిపెడతాం, ఎన్నేళ్లైనా విప్పి వదులు చేసుకుంటాం. గౌను ఒక్కరోజు వేసుకుని పారేసేది కాదు. పక్క కుట్లకీ వెనక జిప్పు దగ్గరా అంగుళం చొప్పున వదిలా. మిగతాచోట్ల ప్యాటర్న్ చెప్పినట్టే ఉంచా. మెడ, చంక వంపుల్లో ఎక్కువ వదిలితే గుడ్డ తిరగదు.

గుడ్డను మడత పెట్టి రెండు పొరలు కలిపి కోస్తే కింది పొర జరిగి డైమండ్లు తప్పుతాయి. అందుకే హాల్లో నేల మీద ఒక్క పొరగా పరిచి, ఒక్కో ముక్కా విడిగా కోశా. సగం ముక్కలకు రెండో సగం కాగితం కూడా గీసి పూర్తి ముక్కలు చేసుకున్నా. ముందు ముక్క మధ్యగీతను డైమండ్ మొన మీద పెట్టా. స్కర్టు ముందు ముక్కకీ అదే. పక్క కుట్టు దగ్గర డైమండ్ ఎక్కడ తెగుతుందో చూసి, వెనక ముక్కను అక్కడే పెట్టి గీశా. కోయాల్సిన గీత కాదు, కుట్టాల్సిన గీత దగ్గర కలవాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోవడానికి సుద్దతో కుట్టు గీతలు కూడా గీసుకున్నా.

నాలుగు గంటలు పట్టింది. అంతా అయ్యాక రెండు చేతులూ పక్కపక్కన పెడితే రెండూ ఎడమ చేతులే! ఒక్క పొరలో కోసేటప్పుడు రెండోసారి కాగితం తిరగేయాలి, అది మర్చిపోయా. మిగిలిన గుడ్డలో ఇంకో చెయ్యి రాదు. కాళ్లు వణికాయి. బాపు ఒక చేతి ముక్క తీసి మెల్లగా తిరగేసి కింద పెట్టారు. కుడి చెయ్యి అయిపోయింది. చిటికి గుడ్డకు తిరగేసిన వైపు అంటూ లేదు, రెండు వైపులా అదే రంగు, అదే డైమండ్. అచ్చు వేసిన గుడ్డ అయ్యుంటే ఈరోజు మళ్లీ బట్టల బజార్ వెళ్లాల్సి వచ్చేది. ఆ వైపు తడబడకుండా లోపలి వైపున టేపు ముక్క అతికించి "కుడి" అని రాసిపెట్టా.

ఆగస్టు 3, శనివారం

పైభాగం అయింది. 11 నంబరు సూది కొత్తది వేశా, సీకోకి లావు సూది వేస్తే రంధ్రాలు కనిపిస్తాయి. లైనింగ్ మెత్తటి కాటన్. ప్యాటర్న్‌లో మెడ చుట్టూ సన్న పట్టీ చాలన్నారు, అది పైకి తిరిగి కనిపిస్తుందని లైనింగ్ పూర్తిగా వేసి, మెడ కుట్టు పక్కన లోపలి వైపు ఇంకో కుట్టు వేశా.

చేతులు ఎక్కించడం కొత్త అనుభవం. చెయ్యి పైవంపు చంక కన్నా అంగుళం పొడవుంది. మన జాకెట్టులో కుచ్చు పడకూడదని రెండూ సమానంగా గీస్తాం. ఇక్కడ ఆ ఎక్కువ గుడ్డను రెండు వరసల పెద్ద కుట్టు వేసి దారం లాగి, ముడత పడకుండా సర్దాలి. ఒక చెయ్యికి గంట పట్టింది. భుజం మీద అది గుండ్రంగా కూర్చుంటే రెడీమేడ్ కోటులా వచ్చింది. మధ్యలో కరెంటు పోయింది. మాది కాలితో తొక్కే మిషనే కాబట్టి చార్జింగ్ లైటు పెట్టుకుని కానిచ్చా.

ఆగస్టు 6, మంగళవారం

జిప్పు. కనిపించని జిప్పుకి మిషను సూది కింద గుడ్డను నొక్కిపెట్టే ఫుట్ ప్రత్యేకమైనది కావాలి, కొని తెచ్చా. ముందు జిప్పు పళ్లను తక్కువ వేడితో ఇస్త్రీ చేసి చదును చేయాలి. ఒక వైపు కుట్టాను, రెండో వైపు కుట్టాను, మూసి చూస్తే నడుము జాయింటు ఒక వైపు మూడు నాలుగు మిల్లీమీటర్లు పైకి ఉంది. ఎవరూ గమనించరని చెల్లె అంది. కానీ ఆ చోట డైమండ్ మొన ఉంది, అది విరిగినట్టు కనిపిస్తోంది. విప్పేశా. మొదటి వైపు కుట్టాక జిప్పు మూసి, నడుము గీత రెండో పట్టీ మీద ఎక్కడ పడుతుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, ఆ గుర్తు దగ్గర నుంచి మొదలుపెట్టి పైకీ కిందికీ కుట్టా. ఇప్పుడు మూస్తే వెనక డైమండ్లు ఒకే వరస.

ఆగస్టు 11, ఆదివారం

గౌను శుక్రవారం రాత్రి నుంచి హ్యాంగరుకి వేలాడుతోంది. ఎ-లైన్ స్కర్టులో మధ్యభాగం పడుగు మీద ఉంటుంది, పక్కలు మూలగా పడతాయి. బాపు చెప్పినట్టే పక్కలు సెంటీమీటరు కిందికి దిగాయి. అప్పుడే అంచు మడిచి ఉంటే వంకర తేలేది.

చెల్లెకు హీల్స్ వేసి బల్ల మీద నిలబెట్టాం. బాపు నేల మీద కూర్చుని చెక్క స్కేలు నిలబెట్టి, బల్ల నుంచి అర అంగుళం ఎత్తులో చుట్టూ సుద్ద గుర్తులు పెట్టారు. ఒక్కో గుర్తుకీ స్కేలు జరిపి, కళ్లద్దాలు సర్దుకుని, మళ్లీ చూసుకుని పెట్టారు. నేను పెడతానంటే వినలేదు. అంగుళంన్నర మడిచి చేత్తో హెమ్మింగ్ మొదలుపెట్టా. 84 అంగుళాల చుట్టుకొలత, రెండు సాయంత్రాలు పట్టేలా ఉంది.

ఆగస్టు 19, సోమవారం

నిన్న అయిపోయింది. చెల్లె ఇరవై మందికి పైగా మొక్కింది, ఒక్కసారి కూడా మెడ దగ్గర చెయ్యి పెట్టుకోలేదు. దండ వేసేటప్పుడు నేను నడుము జాయింటునే చూస్తూ కూర్చున్నా. లేచింది, కూర్చుంది. పెళ్లికొడుకు మేనత్త గుడ్డ పట్టుకుని "ఇది పోచంపల్లే కదమ్మా" అని అడిగితే బాపు ఆమెకు చిటికి గురించి చెప్పడం మొదలుపెట్టారు. భోజనాలు చల్లారిపోయాయి.

కింది అంచుకి కొంచెం బురద అంటింది, ఫంక్షన్ హాలు బయట వాన. చల్లటి నీళ్లతో తుడిస్తే పోయింది. ఎడమ చంక కింద లైనింగ్ ఒక చోట అర అంగుళం విడిపోయింది, అక్కడ రెండో వరస కుట్టు వేయాలి.

మార్చిన కాగితం ముక్కలన్నిటి మీదా చెల్లె పేరు, తేదీ, ఎక్కడ ఎంత మార్చానో రాసి పెద్ద కవర్లో పెట్టా. మా చిన్నమ్మ కూతురు ఇదే గౌను దసరాకి కావాలంటోంది. ఆ కవరు ఆమెకు పనికిరాదు, ఆమె భుజాలు వేరు. ఆదివారం టేపు తీసుకుని రమ్మన్నా, పాత బెడ్‌షీటు ఒకటి వెంట తెచ్చుకోమన్నా.